కొనమని చెప్పినవాళ్లే నాకు అమ్మారు: టిప్స్ గ్రూపులతో జాగ్రత్త

షేర్లు కొనేవాళ్లు, కొత్తగా మొదలుపెడదామనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నా పొదుపులో మూడో వంతు ఒకే షేరులో పెట్టాను. ఆరు రోజుల్లో అది దాదాపు సగమైంది, తర్వాత మిగిలిందీ కరిగిపోయింది. ఆ డబ్బు తిరిగొస్తుందని రాయడం లేదు. నన్ను నమ్మించిన మాటలే ఈపాటికి మీ ఫోన్‌కూ వచ్చి ఉంటాయని రాస్తున్నాను.

నా అనుమతి అడక్కుండానే నన్నొక మెసేజింగ్ గ్రూపులో చేర్చారు. పొద్దున్నే మార్కెట్ విశ్లేషణ, సాయంత్రానికి టార్గెట్ కొట్టామంటూ లాభాల స్క్రీన్‌షాట్లు. ఫీజు లేదు, సభ్యత్వం లేదు. రెండు నెలలు చూస్తూ ఊరుకున్నాను. చెప్పినవి చాలావరకు పెరిగాయి కూడా. డబ్బు అడగనివాడికి నన్ను మోసం చేయాల్సిన అవసరం ఏముందిలే అనుకున్నాను. ఫీజు తీసుకోకుండా పొద్దస్తమానం ఇంత పని చేస్తున్నారంటే వాళ్ల రాబడి మరోచోటి నుంచి రావాలి కదా. ఆ చోటు ఏదో నేను వెతకలేదు.

తర్వాత ఒక చిన్న కంపెనీ పేరు వచ్చింది. రోజుకు కొన్ని వేల షేర్లకు మించి చేతులు మారని కంపెనీ. పెద్ద ఒప్పందం రాబోతోందని, లోపలి సమాచారమని, శుక్రవారంలోపు కొనుక్కోవాలని చెప్పారు. ఆ షేరు ధర ఒక రోజులో 10 శాతానికి మించి పెరగకుండా, పడకుండా పరిమితి ఉంది. వరుసగా మూడు రోజులు అప్పర్ సర్క్యూట్, అంటే ధర పై పరిమితిని తాకి అక్కడే ఆగిపోయింది. నేను ఆర్డర్ పెడుతూనే ఉన్నాను, ఒక్క షేరూ దొరకలేదు. చేజారిపోతోందన్న ఆత్రంతో నిద్ర పట్టేది కాదు. నాలుగో రోజు ఆర్డర్ పెట్టీపెట్టగానే అడిగినన్నీ దొరికాయి. అదృష్టం అనుకున్నాను.

ఆ రోజు నేను ఆగి ఒక్క ప్రశ్న వేసుకోవాల్సింది: ఇన్ని షేర్లు నాకు అమ్ముతున్నది ఎవరు? నేను కొన్న ప్రతి షేరునూ అవతల ఎవరో ఒకరు అమ్మారు. రెండింతలు అవుతుందని గ్రూపంతా చెబుతున్న సరుకును ఎవరు అంత సంతోషంగా వదిలించుకుంటున్నారు? జవాబు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నెలల ముందే చవగ్గా పోగుచేసుకున్నవాళ్లు, మమ్మల్ని కొనమన్నవాళ్లు, ఆ రోజు మాకు అమ్మినవాళ్లు, ముగ్గురూ ఒకటే. మార్కెట్లో దీన్ని పంప్ అండ్ డంప్ అంటారు. చిన్న కంపెనీనే ఎందుకు ఎంచుకుంటారంటే, మార్కెట్లో తిరిగే షేర్లు తక్కువ కాబట్టి కొద్దిపాటి కొనుగోళ్లకే ధర ఎగిరిపోతుంది. పెద్ద కంపెనీ ధరను ఇలా ఆడించాలంటే ఇలాంటి గ్రూపులు ఎన్ని ఉన్నా చాలవు.

పడటం మొదలయ్యాక ఇంకో పాఠం తెలిసింది. వరుసగా ఆరు రోజులు లోయర్ సర్క్యూట్, అంటే రోజూ ధర కింది పరిమితికి పడిపోయింది. రోజుకు 10 శాతం చొప్పున ఆరు రోజులు పడితే వందకు 53 మిగులుతాయి. ఆ 53 కూడా స్క్రీన్ మీద మాత్రమే, ఎందుకంటే కొనేవాడు లేడు. ఉదయం మార్కెట్ తెరవకముందే నా ముందు లక్షల షేర్లు అమ్మకానికి వరుసలో ఉండేవి. గ్రూపులో మాత్రం వేరే మాట: "భయపెట్టి మీ షేర్లు లాక్కోవాలని చూస్తున్నారు, అమ్మకండి, ఇంకా కొని సగటు ధర తగ్గించుకోండి." నేను మళ్లీ కొన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతోంది. అనుమానం అడిగినవాళ్లను గ్రూపులోంచి తీసేశారు. థాంక్స్ గురూజీ అని రోజూ రాసినవాళ్లలో నిజమైన మనుషులు ఎందరో నాకు అనుమానమే.

మరి ముందు చెప్పిన టిప్స్ ఎలా నిజమయ్యాయని చాలామంది అడుగుతున్నారు. చిన్న షేరైతే, వేలమంది ఉన్న గ్రూపులో పేరు పెట్టడమే దాన్ని కొన్ని గంటలు పెంచుతుంది. ఇంకో పాత కిటుకు ఉంది, దీన్ని లెక్క వేసి చూడండి. 6,400 మందిలో సగం మందికి ఒక షేరు పెరుగుతుందని, సగం మందికి పడుతుందని పంపుతారు. తప్పు జోస్యం అందినవాళ్లను వదిలేసి మిగిలిన 3,200 మందిని మళ్లీ రెండుగా విడదీస్తారు. ఇలా ఆరుసార్లు చేస్తే చివరికి 100 మంది మిగులుతారు. ఆ వందమంది కళ్లముందు ఆరుకు ఆరూ నిజమయ్యాయి. వాళ్లకు ఆ మనిషి దేవుడే. మిగతా 6,300 మంది సంగతి వాళ్లకు తెలిసే దారే లేదు.

ఇది చేయడానికి పెద్ద ముఠా కూడా అక్కర్లేదు. 2000 సెప్టెంబరులో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఒక 15 ఏళ్ల కుర్రాడి కేసు పరిష్కరించింది. చిన్న షేర్లు ముందుగా కొని, ఇంటర్నెట్ చర్చావేదికల్లో రకరకాల మారుపేర్లతో వందల పోస్టులు పెట్టి, ధర పెరగ్గానే అమ్మేసేవాడు. వడ్డీతో కలిపి 2,85,000 డాలర్లు వెనక్కి కట్టాడు. అప్పుడు అతని దగ్గరున్నది ఒక కంప్యూటర్. ఇప్పుడు ప్రసిద్ధుల ముఖాన్ని, గొంతును నకలు చేసి ఫలానా షేరు కొనమని చెప్పించే వీడియోలు తయారవుతున్నాయి. ముఖం చూసి నమ్మకండి.

ఇదే కాలంలో మా అక్కకు ఇంకో రకం మోసం జరిగింది. ఆమెతో ఒక యాప్ డౌన్‌లోడ్ చేయించారు. అందులో పెట్టిన డబ్బు రోజూ పెరుగుతూ కనిపించేది. మొదట కొద్ది మొత్తం వెనక్కి తీసుకుంటే వెంటనే వచ్చింది, దాంతో నమ్మకం కుదిరి పెద్ద మొత్తం పెట్టింది. తీసుకోబోతే ముందు పన్ను కట్టాలన్నారు, కట్టాక ఖాతా స్తంభించింది, విడిపించడానికి డిపాజిట్ కావాలన్నారు. అసలు ట్రేడింగే జరగలేదు, అది అంకెలు చూపించే బొమ్మ మాత్రమే. మీ డబ్బు మీకివ్వడానికి ముందు ఇంకా డబ్బు కట్టమన్నారంటే ఆ క్షణమే ఆగిపోండి. నిజమైన బ్రోకరు తన ఛార్జీలను మీ మొత్తంలోంచే తీసుకుంటాడు.

అంకెలు చూసి మోసపోయినవాళ్లలో చదువుకున్నవాళ్లు, బ్యాంకులు, ధర్మనిధులు కూడా ఉన్నాయి. 2008 డిసెంబరులో, ఇతరుల డబ్బును మదుపు చేస్తానని తీసుకున్న అమెరికన్ బెర్నార్డ్ మేడాఫ్ దొరికినప్పుడు ఖాతాదారుల స్టేట్‌మెంట్లలో ఉన్న మొత్తం సుమారు 6,500 కోట్ల డాలర్లు. ఆ స్టేట్‌మెంట్లలోని లావాదేవీలు జరగనే లేదు. ఆర్థిక సంక్షోభంలో చాలామంది ఒకేసారి డబ్బు వెనక్కి అడగడంతో గుట్టు బయటపడింది. అతను విపరీతమైన లాభాలు చూపలేదు, మార్కెట్ ఎలా ఉన్నా ఏటా ఇంచుమించు ఒకే తీరు లాభం చూపాడు. ఒడుదొడుకులు లేకపోవడమే ప్రమాద సూచన. హ్యారీ మార్కోపోలస్ అనే విశ్లేషకుడు ఆ లెక్కలు అసాధ్యమని 2000 నుంచే ఎస్ఈసీకి ఫిర్యాదు చేస్తూ వచ్చాడు.

అంతకుముందు 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 45 రోజుల్లో 50 శాతం ఇస్తానన్నాడు. అంటే తిరిగి పెడుతూ పోతే ఏడాదికి 25 రెట్లు దాటుతుంది. ఒక దేశంలో కొని మరో దేశంలో స్టాంపులుగా మార్చుకునే అంతర్జాతీయ పోస్టల్ కూపన్ల వ్యాపారం అన్నాడు. క్లారెన్స్ బారన్ అనే ఆర్థిక పాత్రికేయుడు లెక్కకట్టి, ఆ డబ్బుకు 16 కోట్ల కూపన్లు కావాలని, చలామణిలో ఉన్నవి సుమారు 27,000 మాత్రమేనని చూపించాడు. రహస్య పత్రాలేవీ అవసరం పడలేదు. లాభం ఎక్కడి నుంచి వస్తోందో కూర్చుని లెక్క వేశాడు, అంతే.

నేను ఇప్పుడు చేస్తున్నది కూడా అదే. సలహా ఇచ్చేవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరును వాళ్లు పంపిన లింకులో కాకుండా మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైట్ నేనే తెరిచి చూస్తున్నాను. పేరు, నంబరు నిజమైనా ఫోన్ నంబరు కలవకపోతే వదిలేస్తున్నాను, ఎందుకంటే అసలు సంస్థల పేర్లనే వీళ్లు వాడుకుంటారు. కంపెనీ ఫలితాల కంటే ముందు గత ఏడాది రోజువారీ వాల్యూమ్, అంటే రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారాయో చూస్తున్నాను. కారణమేమీ లేకుండా అది అకస్మాత్తుగా పదింతలు ఇరవైయింతలు అయితే ముట్టుకోను. ఉచిత న్యూస్‌లెటర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రకటన కూడా చదువుతున్నాను. షేరును పొగిడినందుకు డబ్బు తీసుకుంటే ఆ సంగతి చెప్పి తీరాలని అమెరికా 1933 నాటి సెక్యూరిటీస్ చట్టంలోనే రాసుకుంది. అంటే ఈ కిరాయి పొగడ్త ఎంత పాతదో చూడండి.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి దాచకండి. మా అక్క మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు, ఆ మూడు వారాల్లోనే ఎక్కువ పోయింది. తెలిసిన వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి బదిలీ ఆపమనండి, ఎంత త్వరగా చెబితే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత పోలీసులకు, నియంత్రణ సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వండి. పోయిన డబ్బు ఇప్పిస్తామని కొన్నాళ్లకు ఇంకెవరో ఫోన్ చేస్తారు, ముందుగా కొంత ఫీజు అడుగుతారు. ఇది రెండో మోసం. మోసపోయినవాళ్ల జాబితాలను వాళ్లు ఒకరికొకరు అమ్ముకుంటారు. అక్కకు ఇప్పటికి రెండుసార్లు వచ్చింది ఆ ఫోన్.

ఇంకో మాట. గ్రూపులోంచి కోపంతో బయటికొచ్చేముందు ప్రతి మెసేజీ, ప్రతి నంబరు, ప్రతి ఖాతా వివరం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను ఆ పని రేపు చేద్దామనుకున్నాను. తెల్లారేసరికి గ్రూపే లేదు.