పొడి పూసిన పలకా, కృత్రిమ ఆకా, మామూలు సోలార్ ప్యానెలా: ఏది మేలు?

బడిలో హైడ్రిల్లా ప్రయోగం గుర్తుందా? బీకరులో మొక్క, దాని మీద బోర్లించిన గరాటు, ఎండలో పెడితే ఒక్కొక్కటే పైకొచ్చే బుడగలు. ఎండతో నీటిని విడగొట్టడం అంటే అదే. ఆ పని మనమే చేసి హైడ్రోజన్ పట్టుకోవాలంటే ఇప్పుడు మూడు దారులున్నాయి.

మొదటిది పొడి. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌తో (పెయింట్లలో తెలుపు కోసం కలిపేది అదే) దారి చూపించారు. చిక్కేమిటంటే అది అతినీలలోహిత కాంతినే తీసుకుంటుంది, ఎండలో అది 5 శాతం కూడా ఉండదు. టోక్యో యూనివర్సిటీలో డోమెన్ బృందం స్ట్రాన్షియం టైటనేట్ పొడిని పలకలకు పూసి, గాజు కింద 0.1 మిల్లీమీటరు మందాన నీళ్లు ఉంచి, అలాంటి పలకలు 1,600 కలిపి 100 చదరపు మీటర్లు పరిచింది. 2021లో చెప్పిన ఫలితం, పడిన ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారింది బాగా వచ్చిన రోజున కూడా 0.76 శాతం! పైగా హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసే వస్తాయి, అంటే నిప్పురవ్వ తగిలితే ఢాం. వాళ్లే కావాలని అంటించి చూశారు, సందు అంత సన్నం కాబట్టి పలక చెక్కుచెదరలేదు. నాకు ఇందులో బాగా నచ్చింది ఆ ధైర్యమే.

రెండోది అమెరికా రసాయన శాస్త్రవేత్త నోసెరా 2011లో చూపిన కృత్రిమ ఆకు. పేకముక్కంత సిలికాన్, ఒకవైపు కోబాల్ట్, ఇంకోవైపు నికెల్ మిశ్రమం, వైరు లేకుండా 2.5 శాతం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, సిలికాన్ కొనక తప్పనప్పుడు దాన్ని తీసుకెళ్లి నీళ్లలో ముంచడం దేనికి, పైకప్పు మీద పెట్టి వైరు లాగితే పోలా?

అదే మూడో దారి, ప్యానెల్ ప్లస్ ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం). లెక్క వేద్దాం. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల ఎండ అనుకుంటే, 20 శాతం ప్యానెల్ ఒక యూనిట్ కరెంటు ఇస్తుంది. కిలో హైడ్రోజన్‌కు 52 యూనిట్లు పట్టినా 19 గ్రాములు చేతికొస్తుంది. అదే ఎండలో ఆకు ఇచ్చేది నాలుగు గ్రాములకు కాస్త తక్కువ, పొడి ఇచ్చేది ఒక గ్రాము చిల్లర.

కాబట్టి ఇవాళ కొనాలంటే మూడోదే, రెండో ఆలోచన వద్దు. పరిశోధనకు డబ్బు పెట్టమంటే మాత్రం నేను ఆకును వదిలేసి పొడి మీదే పెడతా. ఎకరాల కొద్దీ పెయింటులా పూయగలిగేది అదొక్కటే, కంటికి కనిపించే కాంతిని కూడా పట్టే పొడి దొరికి 5 శాతం దాటిందా, ఈ లెక్క మళ్లీ వేసుకోవాల్సిందే.

అన్నట్టు, ఇంట్లో వంటకైతే ఈ మూడూ వద్దు. ఆ కరెంటును హైడ్రోజన్ చేసి మళ్లీ మంట చేయడం దండగ, ఇండక్షన్ స్టవ్ పెట్టుకోండి. హైడ్రోజన్ నిజంగా కావాల్సింది యూరియా ఫ్యాక్టరీలకు.