చెక్క రాట్నమా, పెట్టె చరఖానా, అంబర్ చరఖానా?

నూలు వడకడం నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఇదే. నా మొగ్గు చెక్క రాట్నం వైపే, అయినా అందరినీ అదే కొనమనను.

పెట్టె చరఖా సంగతి త్వరగా తేలిపోతుంది. గాంధీజీ 1930ల మొదట్లో యెరవాడ జైల్లో ఉన్నప్పుడు దీనికి రూపమిచ్చారు. పెద్ద చక్రం చిన్న చక్రాన్ని తిప్పుతుంది, చిన్నది కదురును, అంటే పోగు మెలిపడి చుట్టుకునే ఇనుప పుల్లను, తిప్పుతుంది. మూత వేస్తే చేత్తో పట్టుకుపోవచ్చు. ఇరుకు ఇంట్లో సరదాగా కాసేపు వడికేవాళ్లకి ఇది చాలు.

అంబర్ చరఖా తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథ్ తయారుచేసింది. ఇందులో దూదిని సాగదీసే పని రోలర్లదే. కదుళ్లు ఒకటికి మించి ఉంటాయి, మనం చక్రం తిప్పుతూ తెగిన పోగులు కలుపుకోవాలి. కూలి కోసం వడికేవాళ్లకి ఒంటి కదురు రాట్నం దీనితో ఏ మాత్రం పోటీపడలేదు. ఈ మాట దాచిపెట్టి పాత రాట్నాన్ని పొగడటం నాకు నచ్చదు. కాకపోతే దీనికి పేనిన దూది బయటి నుంచి సిద్ధంగా రావాలి. అది అందని రోజు చరఖా ఖాళీ.

ఇక సన్న నూలు విషయానికొస్తే శ్రీకాకుళం జిల్లా పొందూరు వైపు చూడాల్సిందే. అక్కడ చక్రానికి 24 ఆకులు (చువ్వలు) ఉన్న చెక్క రాట్నం మీద 100 నుంచి 120 కౌంటు దాకా వడుకుతారు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నమన్నమాట. పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ వాడతారు. దువ్విన దూదిని ఏకులుగా, అంటే వత్తుల్లా, చుట్టాక కుడి చేత్తో చక్రం తిప్పుతూ ఎడమ చేత్తో పోగు లాగుతారు. కిటుకంతా ఆ ఎడమ చేతిలోనే ఉంది. ఏకులో ఎక్కడ దూది పలచబడిందో, ఎక్కడ ముద్దకట్టిందో మెలి పడేలోపే వేళ్లకి తెలుస్తుంది, దాన్నిబట్టి లాగుడు మారుతుంది. రోలర్‌కి ఆ తెలివి లేదు. తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకున్న పని ఇది. పుస్తకం చదివితే పట్టుబడదు.

చెక్క రాట్నంతో తంటాలూ ఉన్నాయి. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండలకి బిగువు సడలుతుంది, చక్రాన్నీ కదురునూ కలిపే తాడు జారిపోతుంది. అందుకే రాట్నం నగిషీ కన్నా చేసిన వడ్రంగి ఇంట్లో ఆ పని ఇంకా సాగుతోందా లేదా అని ముందు కనుక్కోండి. కొడుకో మనవడో ఆ పనిలో ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. బాగుచేసే మనిషే దొరకని చోట ఉంటే పెట్టె చరఖాతో సరిపెట్టుకోవడమే మేలు.

సెకండ్‌హ్యాండ్ రాట్నం దొరికితే చక్రం వదులుగా తిప్పి పక్కకి ఊగుతోందేమో చూడండి. కదురును విడదీసి చదునైన బల్ల మీద దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే వంగినట్టే, దాన్ని సరిచేయించాకే బేరం మాట్లాడండి.