కాలిఫోర్నియాలో టీచర్ కావాలంటే లిబరల్ స్టడీసా, ఒకే సబ్జెక్టు డిగ్రీయా: ఏది మేలు?

"పిన్నీ, లిబరల్ స్టడీస్ తీసుకుంటానంటే నాన్న ఒప్పుకోవట్లేదు. నువ్వొకసారి మాట్లాడవా?" అని మా అక్క కూతురు పోయిన నెల ఫోన్ చేసింది. ఇక్కడే కాలిఫోర్నియాలో హైస్కూల్ చివరి ఏడాది చదువుతోంది. చిన్నపిల్లల టీచర్ కావాలని దాని కోరిక. బావగారి మాట కూడా కొట్టిపారేసేది కాదు. "అన్నీ కొంచెం కొంచెం చదివితే ఏదీ గట్టిగా రాదు కదమ్మా. మ్యాథ్స్ డిగ్రీ ఉంటే టీచరూ కావచ్చు, వద్దనుకుంటే ఇంకో ఉద్యోగమూ చూసుకోవచ్చు" అన్నారు.

నేను ఇదే రాష్ట్రంలో ఒక పబ్లిక్ స్కూల్లో నాలుగో తరగతికి చెబుతాను. మన తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వినిపిస్తోంది కాబట్టి, వాళ్లిద్దరికీ విడివిడిగా చెప్పినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక అపోహ. లిబరల్ అనే మాటకు ఇక్కడ రాజకీయంతో సంబంధం లేదు. ఒకే శాస్త్రానికి కట్టుబడకుండా సాహిత్యం, గణితం, సైన్స్, చరిత్ర, కళలు కలిపి చదివే పాత సంప్రదాయం నుంచి వచ్చిన పేరది.

ఇక లైసెన్సు సంగతి. మన దగ్గర డిగ్రీ, ఆపైన బీఈడీ ఎలాగో, ఇక్కడ డిగ్రీ, ఆపైన క్రెడెన్షియల్ ప్రోగ్రామ్ అలాగ. 1970లో వచ్చిన ర్యాన్ చట్టం ఈ క్రెడెన్షియల్‌ను రెండు దారులుగా విడదీసింది. రోజంతా ఒకే క్లాసుతో ఉండి అన్ని సబ్జెక్టులూ చెప్పేవాళ్లకు మల్టిపుల్ సబ్జెక్ట్ క్రెడెన్షియల్. ఎలిమెంటరీ టీచర్లలో ఎక్కువమంది దగ్గర ఉండేది ఇదే. పీరియడ్‌కో క్లాసు చొప్పున ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్లకు సింగిల్ సబ్జెక్ట్ క్రెడెన్షియల్. మిడిల్ స్కూల్, హైస్కూల్ టీచర్లు ఎక్కువగా ఈ దారిలో వస్తారు. లిబరల్ స్టడీస్ డిగ్రీ ముఖ్యంగా మొదటి దారి కోసం కూర్చిన చదువు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో చాలావాటిలో ఇది ఉంది.

"అన్నీ కొంచెం కొంచెం" అన్న బావగారి మాట దగ్గరికి వస్తాను. నా క్లాసులో ఒక మామూలు మంగళవారం ఇలా ఉంటుంది. పొద్దున్నే భిన్నాలు. నాలుగింట మూడు పెద్దదా, ఎనిమిదింట ఐదు పెద్దదా అంటే, కింది అంకె పెద్దది కాబట్టి ఎనిమిదింట ఐదే పెద్దదని సగం క్లాసు చేతులెత్తుతుంది. ఆ తర్వాత కాలిఫోర్నియా చరిత్ర, అది నాలుగో తరగతి సిలబస్‌లోదే. భోజనం అయ్యాక బ్యాటరీ, వైరు, చిన్న బల్బుతో శక్తి పాఠం. చివర్లో తమ అభిప్రాయానికి కారణాలు చూపిస్తూ ఒక పేరా రాయాలి. ఈలోపు ఎవరో ఒకరు ఏడుస్తారు, ఎందుకో కనుక్కోవాలి.

పిల్ల ఎందుకు తప్పు చేసిందో పట్టుకోవాలంటే కాల్క్యులస్ రావడం చాలదు. భిన్నం అనే భావన పదేళ్ల బుర్రలో ఎలా రూపు కడుతుందో తెలియాలి. లిబరల్ స్టడీస్‌లో టీచర్ల కోసమే నడిపే మ్యాథ్స్ కోర్సులు సరిగ్గా ఆ పని చేస్తాయి. మ్యాథ్స్ డిగ్రీలో ఆ కోర్సు సాధారణంగా ఎదురుకాదు. పిల్లల ఎదుగుదల, భాష నేర్చుకునే తీరు, భూగోళ శాస్త్రం, సంగీతం, పీఈ కూడా లిబరల్ స్టడీస్ వాళ్లు చదువుతారు. పైపైన చదివినట్టు కనిపిస్తుంది కానీ, చిన్న తరగతి టీచర్‌కు అదే లోతు. నేను ఈ వృత్తిలోకి ఇండియాలో చేసిన బీఎస్సీతో వచ్చాను. మొదటి రెండేళ్లు చదవడం నేర్పించడంలో నేను పడిన తిప్పలు తలచుకుంటే, ఆ కోర్సులు ముందే చదివి ఉంటే నా మొదటి బ్యాచ్ పిల్లలకు మేలు జరిగేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పరీక్షల విషయంలో మన వాళ్ల దగ్గర పాత సమాచారం తిరుగుతూ ఉంటుంది. "ఏ డిగ్రీ చేసినా సీసెట్ అనే సబ్జెక్టు పరీక్ష రాయాల్సిందే, మరి లిబరల్ స్టడీస్ దేనికి?" అంటారు. ఒకప్పుడు అది నిజమే. 2002 నాటి నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం తర్వాత, కొత్తగా ఎలిమెంటరీలోకి వచ్చే టీచర్లు సబ్జెక్టు పరీక్ష పాస్ కావలసి వచ్చింది. 2021లో కాలిఫోర్నియా తెచ్చిన ఏబీ 130 చట్టంతో పరిస్థితి మారింది. ఇప్పుడు లిబరల్ స్టడీస్ డిగ్రీ ఉంటే మల్టిపుల్ సబ్జెక్ట్‌కు కావలసిన సబ్జెక్టు అర్హత వచ్చినట్టే. మ్యాథ్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు మ్యాథ్స్ సింగిల్ సబ్జెక్ట్‌కూ అదే వెసులుబాటు. కానీ మ్యాథ్స్ డిగ్రీతో ఎలిమెంటరీకి రావాలంటే, మిగతా సబ్జెక్టులకు కోర్సులు చూపించాలి, లేదా సీసెట్ రాయాలి. ఇంతకుముందు చదవడం, రాయడం, లెక్కల్లో కనీస నైపుణ్యం చూసే సీబెస్ట్ అనే ఇంకో పరీక్ష టెన్షన్ ఉండేది. 2024 నుంచి గుర్తింపు ఉన్న బ్యాచిలర్ డిగ్రీతోనే ఆ నిబంధన తీరిపోతోంది.

చదవడం నేర్పించే సామర్థ్యం చూసే పరీక్ష మాత్రం ఎలిమెంటరీ వాళ్లకు అదనం. 2025 జులై నుంచి పాత రైకా పరీక్ష స్థానంలో లిటరసీ పెర్ఫార్మెన్స్ అసెస్‌మెంట్ వచ్చింది. హైస్కూల్ మ్యాథ్స్ టీచర్‌కు అది లేదు.

డబ్బు విషయానికి వస్తే రెండు దారులకూ జీతం సాధారణంగా ఒకటే. స్కూల్ డిస్ట్రిక్ట్ జీతాల పట్టికలో సర్వీసు ఏళ్లు, డిగ్రీ తర్వాత చదివిన యూనిట్లు, అంటే కోర్సుల క్రెడిట్లు చూస్తారు తప్ప, డిగ్రీలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏమిటని చూడరు. తేడా వచ్చేది అప్పుల దగ్గర. ఫెడరల్ టీచర్ లోన్ ఫర్‌గివ్‌నెస్ కింద, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలుండే స్కూల్లో వరసగా ఐదేళ్లు పూర్తిచేస్తే, హైస్కూల్ మ్యాథ్స్, సైన్స్ టీచర్లకూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లకూ 17,500 డాలర్ల దాకా మాఫీ అవుతుంది. ఎలిమెంటరీ టీచర్‌కు 5,000 దాకానే. అప్పు చేసి చదివించే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు.

ఉద్యోగం దొరకడంలోనూ మ్యాథ్స్, సైన్స్, స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్లదే పైచేయి. ఎన్నో ఏళ్లుగా ఈ రాష్ట్రంలో కొరత ఉన్నది వాటిలోనే. స్కూళ్లలో పిల్లల సంఖ్య తగ్గుతోంది. మార్చి 15 లోపు ఇచ్చే లేఆఫ్ నోటీసులంటే కొత్త ఎలిమెంటరీ టీచర్లకు గుండె దడే. ఇందుకు ఎదురుగా ఒక మంచి మార్పు ఉంది. 2025-26 నుంచి, సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండిన ప్రతి పిల్లకూ ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది క్లాసు, అందుబాటులోకి వచ్చింది. ఆ క్లాసు చెప్పే మల్టిపుల్ సబ్జెక్ట్ టీచర్లకు చిన్నపిల్లల చదువుకు సంబంధించి 24 యూనిట్లో, దానికి సమానమైన అనుభవమో అడుగుతున్నారు. కాబట్టి లిబరల్ స్టడీస్ చేసేవాళ్లు ఆ యూనిట్లు డిగ్రీలోనే పడేలా చూసుకుంటే, తర్వాత మళ్లీ సాయంత్రం క్లాసులకు పరుగెత్తే అవసరం ఉండదు.

"టీచింగ్ నచ్చకపోతే?" బావగారి అసలు భయం ఇదే. ఇక్కడ నేను ఆయన పక్షమే. లిబరల్ స్టడీస్ డిగ్రీతో వేరే ఉద్యోగాలు రావని కాదు. మ్యూజియంలలో పిల్లల కార్యక్రమాలు, స్వచ్ఛంద సంస్థలు, హెచ్‌ఆర్, ఉద్యోగుల శిక్షణ, ఆన్‌లైన్ పాఠాల రూపకల్పన, ఇలా చాలాచోట్ల ఈ డిగ్రీవాళ్లు ఉన్నారు. పైచదువుతో స్కూల్ కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు అయినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ తలుపులు డిగ్రీ పేరు చూసి తెరుచుకోవు. ఇంటర్న్‌షిప్, రాసే నేర్పు, ఏదో ఒక పనిలో చూపించగలిగే అనుభవం ఉండాలి. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ లాంటి డిగ్రీకి అంత వివరణ అక్కర్లేదు. అందుకే, ఏం కావాలో తెలియక, అన్నీ ఉన్నాయి కదా అని లిబరల్ స్టడీస్‌లో చేరొద్దు. అటూ ఇటూ ఊగుతున్న పిల్లలకు నేను సబ్జెక్టు డిగ్రీనే చెబుతాను. టీచింగ్ వైపు తర్వాత రావచ్చు, ఆ దారి మూసుకుపోదు.

మధ్యేమార్గం ఒకటుంది, చాలామందికి తెలియదు. లిబరల్ స్టడీస్‌లో చాలా క్యాంపస్‌లు ఒక కాన్సంట్రేషన్, అంటే కాస్త ఎక్కువగా చదివే ఒక సబ్జెక్టు, ఎంచుకోమంటాయి. దాన్ని మ్యాథ్స్‌లో తీసుకుని, మ్యాథ్స్ సీసెట్‌లో మొదటి రెండు సబ్‌టెస్టులు పాసైతే, ఫౌండేషనల్ లెవెల్ మ్యాథ్స్ క్రెడెన్షియల్‌కు కావలసిన సబ్జెక్టు అర్హత వస్తుంది. కాల్క్యులస్ ఉన్నది మూడో సబ్‌టెస్టులో, అది రాయక్కర్లేదు. ఆ క్రెడెన్షియల్‌తో ఆల్జీబ్రా, జామెట్రీ, స్టాటిస్టిక్స్ వరకు చెప్పొచ్చు, అంటే మిడిల్ స్కూల్ తలుపు కూడా తెరిచి ఉంటుంది. సైన్స్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది. లెక్కలంటే ఇష్టం ఉండి, చిన్నపిల్లల మధ్యే ఉండాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి కలయిక నాకు కనిపించలేదు.

ఇండియాలో డిగ్రీ చేసి వచ్చి, పిల్లలు పెద్దయ్యాక టీచర్ అవుదామనుకునే అక్కచెల్లెళ్లు చాలామంది అడుగుతుంటారు. మీకు ఈ ప్రశ్నే లేదు. మళ్లీ లిబరల్ స్టడీస్ డిగ్రీ చేయకండి. రాష్ట్ర క్రెడెన్షియలింగ్ కమిషన్ ఆమోదించిన ఏజెన్సీతో మీ డిగ్రీకి ఇవాల్యుయేషన్ చేయించుకుని, సబ్జెక్టు అర్హతను సీసెట్‌తోనో కోర్సులతోనో తీర్చుకుని, నేరుగా క్రెడెన్షియల్ ప్రోగ్రామ్‌లో చేరండి. నాకు ఒక కాలేజీలో సలహాదారు మళ్లీ మొదటి ఏడాది నుంచి డిగ్రీ చేయమన్నారు. ఇంకోచోట అడగబట్టి సరిపోయింది, లేకపోతే నాలుగేళ్లు పోయేవి.

రాష్ట్రం మారే ఆలోచన ఉంటే ఇంకో మాట. చాలా రాష్ట్రాల్లో ఎలిమెంటరీ ఎడ్యుకేషన్ అనే మేజరే ఉంటుంది, పరీక్షలూ వేరు. కాలిఫోర్నియా క్రెడెన్షియల్ తీసుకున్నాక వెళ్లడం, ఉత్త డిగ్రీతో వెళ్లడం కన్నా తేలిక.

ఏ దారిలో వెళ్లినా క్రెడెన్షియల్ ప్రోగ్రామ్‌లో 600 గంటల క్లాసురూమ్ అనుభవం ఉంటుంది. స్టూడెంట్ టీచింగ్‌కు చాలాచోట్ల జీతం ఉండదు, ఆ నెలల ఖర్చుకు ముందే డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఇష్టం ఉందో లేదో అంతదాకా వెళ్లి తెలుసుకోవడం ఆలస్యం. 90 సెమిస్టర్ యూనిట్లు పూర్తయిన కాలేజీ విద్యార్థులు సబ్‌స్టిట్యూట్ పర్మిట్‌కు, అంటే సెలవు పెట్టిన టీచర్ బదులు క్లాసు తీసుకునే అనుమతికి, దరఖాస్తు చేయొచ్చు. అంతకన్నా ముందు ఆఫ్టర్ స్కూల్ ప్రోగ్రామ్‌లలో చేరొచ్చు.

మా అక్క కూతురికి స్ప్రింగ్ బ్రేక్ మాకన్నా వారం ముందొచ్చింది. స్కూల్ ఆఫీసులో అనుమతి తీసుకుని ఆ వారం నాతో రమ్మన్నాను. మూడో రోజు నుంచి భిన్నాల గ్రూపు ఒకటి దాని చేతిలో పెట్టి, నేను పక్కన కూర్చున్నాను. శుక్రవారం సాయంత్రం బావగారికి ఫోన్ చేసి ఏమన్నదంటే, "నాన్నా, లిబరల్ స్టడీసే. కానీ మ్యాథ్స్ కాన్సంట్రేషన్ తీసుకుంటా." ఆయన కాసేపు ఆగి, ఆ రెండు సబ్‌టెస్టుల ఫీజు ఎంతని అడిగారు.