పాత కారు కూలెంట్ తాగేస్తోందా? జేసీ రోడ్డు వెనక ఈ షెడ్డులో చూపించండి

మాది 2006 శాంత్రో జింగ్, నాన్న నడిపిన బండి, అమ్మే ఆలోచన లేదు. కింద ఒక్క చుక్క కారట్లేదు కానీ కూలెంట్ తగ్గిపోతూనే ఉంది, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ, ఇంటి దగ్గర గ్యారేజీలో ఆయిల్ క్యాప్ తీసి చూసి లోపల మీగడలా ఉంది, ఆయిల్లో కూలెంట్ కలిసిపోయింది, ఇంజన్ మొత్తం విప్పాల్సిందే అనేశారు. ఒక్క టెస్టు కూడా చెయ్యకుండా!

బెంగళూరు జేసీ రోడ్డు వెనక సందులో ఉన్న ఈ షెడ్డు గురించి ఆఫీసులో అనంతపురం ఫ్రెండ్ చెప్పాడు. ఓనర్‌ది మదనపల్లె. "క్యాప్ కింద తెలుపు చూసి భయపడొద్దు సార్, దగ్గర దగ్గర తిప్పితే ఇంజన్ సరిగా వేడెక్కక తేమ పట్టి కూడా అట్లయితాది" అని డిప్‌స్టిక్ (ఆయిల్ చూసే కడ్డీ) తీశాడు, ఆయిల్ బాగానే ఉంది. అయితే కూలెంట్ సిలిండర్లోకి పోతోందేమో అన్నాడు.

రేడియేటర్ మూతి దగ్గర ఒక గొట్టం పెట్టి, ఆ గొట్టంలో నీలం లిక్విడ్ పోసి ఇంజన్ ఆన్ చేస్తే కాసేపటికి అది పసుపుగా మారింది, కాలిన గ్యాస్ కూలెంట్లోకి వస్తోందని దానర్థం. ఇంజన్ చల్లారాక రేడియేటర్‌కి ప్రెషర్ పంపు బిగించి, రేడియేటర్ క్యాప్ మీద రాసున్న ప్రెషర్ వరకే కొట్టి రాత్రంతా వదిలేశాడు. పొద్దున నా ముందే స్పార్క్ ప్లగ్గులు తీశాడు, మిగతావి గోధుమ రంగులో ఉంటే మూడోది మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంది, సెల్ఫ్ కొట్టగానే ఆ రంధ్రంలోంచి కూలెంట్ తుంపర చిమ్మింది. ప్లగ్గులు ఉండగా సెల్ఫ్ కొడితే లోపల నీళ్లకి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చంట, అందుకే ముందే తీసేస్తారు.

ఇంజన్ మొత్తం విప్పకుండా, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ ఒక్కటే దించాడు. మూడో సిలిండర్‌కీ నీళ్ల దారికీ మధ్య గ్యాస్కెట్ (హెడ్ కింద లీకవకుండా వేసే పల్చటి షీటు) నల్లగా కాలిపోయి ఉంది, నా చేతికిచ్చి చూపించాడు. హెడ్‌కి లేత్ షాపులో క్రాక్ చెక్ చేయించి, ఫేసింగ్ కొట్టించి (అడుగు సమంగా చదును చేయించి), కొత్త గ్యాస్కెట్ వేసి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) మధ్య బోల్టుల నుంచి బయటికి వరసగా బిగించాడు. బిల్లులో పార్టులు వేరు, లేబర్ వేరు. ఇప్పుడు కూలెంట్ గీత దగ్గరే నిలబడింది.

పార్కింగ్ అస్సలు లేదు, ఫోన్ ఎత్తడు, చెప్పిన టైముకి బండి ఇవ్వడు, అది మాత్రం మార్చుకోవాలి.

వెళ్లేముందు కూలెంట్ ఎంత తగ్గుతోందో రాసుకుని వెళ్లండి, మొదట అడిగేది అదే. హీటు ముల్లు పైకి పోతుంటే మాత్రం నడుపుకుంటూ వెళ్లకండి, టోయింగ్ పెట్టించుకోండి, హెడ్ వంగిందంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది.