ఆరేళ్లుగా నా లెన్సు మీదున్న నారింజ ఫిల్టరు

ఈ 52 ఎం.ఎం. నారింజ ఫిల్టరును 2019లో బెంగళూరులోనే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరా, 50 ఎం.ఎం. లెన్సు, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్ము పట్టుకుని రెండు శీతకాలాలు లదాఖ్ వెళ్లి, గడ్డకట్టిన జాంస్కార్ నది మీద నడిచాను. అలాంటి నదిని నలుపు తెలుపుల్లో తీయాలనుకునేవాళ్లు ఎవరడిగినా లెన్సు కంటే ముందు దీని గురించే చెబుతాను.

మొదటిసారి చాలా రీళ్లు ఫిల్టరు లేకుండా తీశాను. బెంగళూరు మారతహళ్లిలో ఇంటికొచ్చి ఫిల్ము కడిగి చూస్తే, అక్కడ కంటికి లోతుగా, నీలంగా కనిపించిన మంచుగడ్డకీ దాని మీది పొడిమంచుకీ తేడానే లేదు. రెండూ ఒకే తెలుపు. మందమైన మంచుగడ్డ ఎరుపు కాంతిని మింగేసి నీలాన్ని మనవైపు పంపుతుంది. ఫిల్ము ఆ నీలాన్ని దాదాపు తెలుపుగానే రాసుకుంటుంది. నారింజ గాజు ఆ నీలాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు పొడిమంచు తెల్లగానే ఉండి గట్టి మంచుగడ్డ నల్లబడుతుంది, లోపల చిక్కుకున్న గాలిబుడగలు, పగుళ్లు తెల్లటి నరాల్లా తేలతాయి. మొదటిసారి ఆ నెగెటివ్‌ను వెలుగుకు పట్టి చూసినప్పుడు చాలాసేపు కిందికి దించలేకపోయాను.

ఎరుపు ఫిల్టరూ పెట్టి చూశాను. నది దారిలో చిలింగ్ అనే ఊరు దాటాక లోయ ఇరుకు, ఎండ పడేది కాసేపే. నీడలో ఉండేదంతా నీలాకాశపు వెలుగే కాబట్టి ఎరుపుతో బొమ్మ మొత్తం మసి.

నారింజ రెండు స్టాప్‌ల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం లేదా రెట్టింపు కావడం). పైగా కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మంచును బూడిదరంగుగా లెక్కగడుతుంది కాబట్టి ఎండలో ఇంకో ఒకటిన్నర స్టాపు కలుపుతాను. అసలు ఇబ్బంది రింగుతో. అల్యూమినియం రింగు కావడంతో సున్నాకు 20 డిగ్రీల దిగువన లెన్సుకు పట్టేసింది. రబ్బరు బ్యాండు చుట్టి తిప్పితే గానీ ఊడలేదు. ఇప్పుడు కొనేవాళ్లు ఇత్తడి రింగుదే తీసుకోండి.

మన భాషలో పొగమంచూ మంచే, గడ్డ కట్టిందీ మంచే. ఫిల్టరుకు మాత్రం రెండూ ఒకటి కావు. తెల్లవారుజామున బెంగళూరు దగ్గరి నంది కొండ మీద దట్టమైన పొగమంచులో ఎన్నోసార్లు వాడాను, ఏ తేడా కనిపించలేదు.

ఫిల్ము కడగడానికి నాకు 20 డిగ్రీలు కావాలి, ఏప్రిల్‌లో బెంగళూరు కుళాయి నీళ్లు అంత చల్లగా రావు. ఫ్రిజ్‌లోని ఐసు ముక్కల మధ్య డెవలపర్ (ఫిల్ము కడిగే రసాయనం) సీసా పెట్టి, ఆ నది ఐసును కడుగుతాను.

పొద్దుటూరు నుంచి వచ్చిన మా అమ్మ గోడ మీది పెద్ద ప్రింటు చూసి, "ఏంరా, ఇది మన కడప బండ మాదిరుందే" అంది. నది అని చెప్పి ఫోనులో తీసిన రంగు ఫొటో చూపించాను. ఒకసారి చూసి ఫోను నా చేతికిచ్చేసి, మళ్లీ ఆ నల్లటి మంచు దగ్గరికే వెళ్లి నిలబడింది.