మందు తగ్గించిన మందు: 18 నెలల తర్వాత నా సమీక్ష

బరువు తగ్గే సూది మొదలుపెట్టిన ఆరో వారంలో ఒక సాయంత్రం, ఎప్పటిలాగే ఏడున్నరకు గ్లాసులో పెగ్గు పోసుకున్నాను. తొమ్మిదిన్నరకు చూస్తే ఐసు ముక్కలు పూర్తిగా కరిగి రంగు పలచబడిపోయింది. గ్లాసు కింద బల్ల మీద తడి చార. రెండు గుటకలు తాగి, మిగతాది మరిచిపోయాను. అంతకుముందు పదిహేనేళ్లలో పోసుకున్న గ్లాసును మరిచిపోయింది ఒక్కసారి కూడా లేదు. సింకులో పారబోస్తూ కాసేపు అక్కడే నిలబడిపోయాను.

నేను వాడుతున్నది సెమాగ్లూటైడ్, వారానికి ఒక సూది. ఒజెంపిక్, వెగోవి పేర్లతో వచ్చేది ఈ మందే. నాకు ఇచ్చింది బరువు కోసం మాత్రమే. అప్పుడు 104 కిలోలు ఉన్నాను, చక్కెర కూడా హద్దు దగ్గరికి వచ్చింది. మద్యం అలవాటు గురించి డాక్టరు గారు అడిగితే "అప్పుడప్పుడు" అన్నాను. అది అబద్ధం. రోజూ మూడు పెగ్గులు, సెలవు రోజుల్లో ఐదు. ఆ అబద్ధం సంగతి తర్వాత చెబుతాను.

బరువు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పద్నాలుగు నెలలకు 89కి వచ్చాను. ఈ మందు మీద 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది. నాదీ దాదాపు అంతే. మోతాదు 0.25 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 2.4 దాకా వెళ్తుంది. మెట్టు మారిన ప్రతిసారీ రెండు మూడు రోజులు వికారం వేధించేది. మలబద్ధకం మాత్రం నెలల తరబడి వదలలేదు. కొవ్వుతో పాటు కండా కరిగింది. మెట్లెక్కుతుంటే తొడలు వణికేసరికి భయపడి బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టాను. అది మొదటి నెల నుంచే చేయాల్సింది.

అసలు విషయం మద్యం. చాలామంది అనుకుంటున్నట్టు దాని మీద అసహ్యం పుట్టలేదు. డైసల్ఫిరామ్ అని పాత మాత్ర ఒకటుంది, అది వేసుకుని తాగితే ఒళ్లంతా వేడెక్కి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. ఇది అలాంటిది కాదు. మొదటి గుటక రుచి మునుపటిలాగే ఉంది. రానిది ఆ తర్వాతి పిలుపు. "ఇంకొకటి" అని లోపల ఎవరో చెయ్యి పట్టి లాగుతున్నట్టు ఉండేది కదా, ఆ లాగుడు లేదు. అది ఆగిపోయాకే అన్నేళ్లు ఎంత గట్టిగా లాగిందో తెలిసింది.

ఇలా ఎందుకు జరిగిందో చదివి తెలుసుకున్నాను. ఈ మందు అనుకరించే జీఎల్‌పీ-1 అనే హార్మోను పేగుల్లోనే కాదు, మెదడు కాండంలోనూ తయారవుతుంది. "ఇది బాగుంది, మళ్లీ కావాలి" అని మెదడు నేర్చుకునే చోట్ల, డోపమైన్ అనే మెదడు రసాయనం పనిచేసే చోట్ల కూడా దాని సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. మద్యం సమస్య ఉన్న 48 మందికి తొమ్మిది వారాల పాటు తక్కువ మోతాదులో ఈ సూది ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. తాగాలన్న కోరిక తగ్గింది, తాగిన రోజున తాగే మోతాదూ తగ్గింది, కానీ తాగే రోజుల సంఖ్య తగ్గలేదు. చదివి ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే అచ్చం నా కథే. వారంలో ఆరు రోజులు గ్లాసు ముందు కూర్చుంటూనే ఉన్నాను, గ్లాసు మాత్రం సగమే ఖాళీ అవుతోంది.

ఇదే కుటుంబానికి చెందిన ఎక్సెనటైడ్ అనే మందును డెన్మార్క్‌లో మద్యం సమస్య ఉన్న 127 మందిపై పరీక్షించారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో మొత్తం మీద ప్రయోజనం తేలలేదు, ఊబకాయం ఉన్నవారిలో మాత్రం తాగుడు తగ్గింది. కాబట్టి సన్నగా ఉన్నవాళ్లు నా అనుభవం చూసి ఆశపడవద్దని గట్టిగా కోరుతున్నాను. మద్యం వ్యసనానికి ఈ మందుకు అనుమతి కూడా లేదు.

పదకొండో నెలలో సూది మందు ఎక్కడా దొరకలేదు. ఆరు వారాలు సూది లేదు. ఒక్కో వారానికి ఒంట్లోని మందు దాదాపు సగానికి పడిపోతుంది. మూడో వారానికి ఆకలి తిరిగొచ్చింది. ఐదో వారంలో ఒక రోజు ఏడున్నర కావడానికి ముందే గడియారం వైపు చూస్తున్నానని గమనించాను. ఆ రాత్రి మూడు పెగ్గులు తాగాను. సూది ఆ పిలుపును వినపడకుండా చేసింది, తుడిచేయలేదు. ఆ ఏడున్నర గంటను అంతకాలం ఖాళీగా వదిలేసి, అందులో వేరే ఏదీ పెట్టుకోకపోవడం నా తప్పు.

మర్నాడే డాక్టరు గారికి నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు గానీ, "ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది" అన్నారు. అతిగా తాగడం వల్ల క్లోమానికి వాపు రావచ్చు, ఈ సూదితోనూ అరుదుగా అదే ముప్పు ఉంది. ఆ రెండూ ఒకే ఒంట్లో కలిసి ఉన్న సంగతి ఆయనకు తెలియకుండా నేను దాచాను. ఇది చదివేవారిలో నాలా దాచినవాళ్లుంటే దయచేసి ఈ వారమే చెప్పండి. రోజూ బాగా తాగేవాళ్లు సూది ధైర్యంతో తాగుడు ఒక్కసారిగా ఆపేయవద్దు. వణుకు, మూర్ఛలు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.

నాల్ట్రెక్సోన్ గురించి ఆయన చెప్పినప్పుడే విన్నాను. అమెరికాలో 1994 నుంచి మద్యం వ్యసనానికి అనుమతి ఉన్న మాత్ర. దాన్నే పొగ మాన్పించడానికి వాడే బుప్రోపియాన్‌తో కలిపి 2014లో బరువు తగ్గే మందుగా తెచ్చారు. ఆకలికీ వ్యసనానికీ చుట్టరికం వైద్యులకు కొత్త కాదన్నమాట. మరో పక్కన రిమోనబాంట్ ఉంది. బరువు తగ్గడానికి 2006లో యూరప్‌లో వచ్చి, మనసు కుంగిపోయే ముప్పు వల్ల 2008లో వెనక్కి పోయింది. అది తెలిశాక నేను ప్రతి ఆదివారం సూది వేసుకున్నాక, ఆ వారం మనసు ఎలా ఉందో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇప్పటిదాకా కంగారుపడే వారం రాలేదు.



సూది మళ్లీ కింది మోతాదు నుంచి మొదలుపెట్టి ఇప్పుడు 1.7 దగ్గర ఉన్నాను. ఏడున్నరకు నడకకు వెళ్తున్నాను. వారంలో రెండు రోజులు తాగుతున్నాను, ఒక్కో పెగ్గు. వచ్చే నెల నాల్ట్రెక్సోన్ కూడా మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరు గారితో మాట్లాడబోతున్నాను.