ఫుల్టన్ 1796 కొనేవాళ్లకు జాగ్రత్త: ప్లేట్లు 17 ఉన్నాయి, అందులో అయిదు జిరాక్సులు

పార్సెల్ విప్పి నాలుగు గంటలే అయింది, కోపం ఇంకా దిగలేదు. మాట కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి. అమ్మినాయన పేరు రాయను, అవసరమూ లేదు. నెలకోసారి ఆదివారం పొద్దున్నే "రేర్ ఇంజనీరింగ్ బుక్స్" అని ఫొటోలు పెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళకే "సోల్డ్" అని రాసే పెద్దమనిషి ఎవరో కాలువల పుస్తకాలు కొనే ప్రతివాళ్లకీ తెలుసు. మనలో సగంమంది ఆయన ఖాతాదారులమే.

పుస్తకం రాబర్ట్ ఫుల్టన్ కాలువల మీద రాసింది. లండన్, 1796, హై హోబోర్న్‌లోని టేలర్ల ప్రచురణ. తర్వాత 1807లో హడ్సన్ నదిలో ఆవిరి పడవ నడిపిన ఫుల్టనే. పెద్ద పడవలు, పెద్ద లాకులు దండగ అంటాడు ఇందులో. రెండు నుంచి అయిదు అడుగుల వెడల్పు, రెండు నుంచి అయిదు టన్నుల మోత ఉన్న బుల్లి పడవలు చాలు, ఎత్తుపల్లాలు వచ్చినచోట వాటిని వాలు పట్టాల మీదుగా లాగేయొచ్చు అంటాడు. వాదన పెద్దగా నెగ్గలేదు గానీ బొమ్మలు మాత్రం చూడాల్సిందే. మనిషి అసలు చిత్రకారుడు కదా. క్వార్టో సైజు (పెద్ద కాగితాన్ని రెండుసార్లు మడిచి నాలుగు ఆకులు చేసేది), ముందు రోమన్ అంకెల్లో 16 పేజీలు, తర్వాత 144 పేజీలు, 17 రాగిరేకు ప్లేట్లు, అంటే రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మల కాగితాలు. డబ్బు పెట్టేది ఆ పదిహేడింటికే. చదువుకోవడానికే అయితే స్కాన్ ఊరికే దొరుకుతుంది.

లిస్టులో రాసింది ఇదీ: "కంప్లీట్, 17 ప్లేట్స్, లేటర్ హాఫ్ కాఫ్, వెరీ గుడ్." లేటర్ హాఫ్ కాఫ్ అంటే తర్వాతి కాలంలో సగం దూడతోలుతో మళ్లీ కట్టిన బైండు. ధర లక్షా పద్దెనిమిది వేలు. యూపీఐలో రెండు విడతలుగా పంపాను. అవును, యూపీఐలోనే. తిట్టండి, పడతాను.

డబ్బు పంపే ముందు ఫొటోలు అడిగాను. పన్నెండు ప్లేట్లవి పంపాడు. ఒక్కోటీ కళ్లకద్దుకునేలా ఉంది. మిగతా అయిదు అడిగితే "అవీ ఇలాగే ఉన్నాయండి, ఫోన్లో చార్జింగ్ లేదు" అన్నాడు. ప్లేట్ల వెనకవైపు ఫొటో అడిగితే "బైండింగ్ టైటు సార్, ఎక్కువ తెరిస్తే విరుగుద్ది" అన్నాడు. పాపం, పుస్తకం మీద ఎంత ప్రేమ అనుకున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

ఇవాళ ఫోన్ చేస్తే జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, మొదటి మాట ఆయనది.

"సార్, 17 అని రాశాను. 17 ఉన్నాయా లేవా?"

"ఉన్నాయండీ. అందులో అయిదు ప్రింటర్లో తీసినవి."

"అన్నీ ఒరిజినల్ అని ఎక్కడైనా రాశానా? లిస్టు మీ దగ్గరే ఉంది, చూసుకోండి."

"కంప్లీట్ అన్నారు కదా?"

"కంప్లీటే కదా! బొమ్మ లేని పేజీ ఒక్కటన్నా ఉందా? మీరు తెలిసినవాళ్లు, అడిగితే చెప్పేవాణ్ణి."

అడిగాను మహానుభావా, రెండుసార్లు అడిగాను. సరే, వాపసు తీసుకోండి అన్నాను. దానికి ఆయన ఇచ్చిన సలహా ఇది: "వాపసులు మన దగ్గర లేవు సార్. అంతగా నచ్చకపోతే మీరూ ఎవరికైనా అమ్మేయండి. 17 అనే రాయండి, అబద్ధం కాదుగా." అని నవ్వాడు. డబ్బు పోయినందుకంటే ఆ నవ్వుకే ఒళ్లు మండుతోంది. ఆయన కూడా ఇలాగే ఎవరి దగ్గరో మోసపోయి నాకు అంటగట్టాడేమో అని ఒక్క క్షణం జాలిపడబోయాను కూడా. కానీ పదిహేడులోంచి పన్నెండు ఫొటోలు తీస్తే ఆ పన్నెండూ అసలువే అయ్యాయి. ఒక్క నకలు కూడా పొరపాటున ఫొటోలో పడలేదు. ఏవి నకళ్లో తెలియని మనిషికి అంత గురి కుదరదు.

ఇక ఎలా పట్టుకున్నానంటే, ఇది మీకు పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తాను.

మొదట వేలు. రాగిరేకు అచ్చులో కాగితాన్ని తడిపి, రేకు మీద పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. రేకు ఎంతమేర ఉందో అంతమేరా కాగితం గుంటపడుతుంది. అంచు దగ్గర వేలితో రాస్తే మెట్టు దిగినట్టు తగులుతుంది. బైండరు అంచులు మరీ కోసేస్తే ఆ మెట్టు పోవచ్చు, కాబట్టి అది లేనంత మాత్రాన నకలని చెప్పలేం. నా అయిదింటి తమాషా వేరు. ఆ మెట్టు కంటికి కనిపిస్తుంది, వేలికి తగలదు! ఎవరిదో అసలు కాపీని స్కాన్ చేసినప్పుడు ఆ గుంట నీడ కూడా స్కాన్‌లో పడింది. దాన్ని ప్రింటరు బుద్ధిగా బూడిదరంగు గీతలా వేసిపెట్టింది. కాగితం మాత్రం నున్నగా, చపాతీపీటలా ఉంది.

రెండోది భూతద్దం, పది రెట్లది చాలు. రాగిరేకు గీత నిండు నలుపులో ఉంటుంది, చివరికి వచ్చేసరికి సూదిమొనలా సన్నబడుతుంది, సిరా కాగితం మీద కొద్దిగా ఉబ్బెత్తుగా నిలబడుతుంది. నకలులో అదే గీత దగ్గరగా చూస్తే నీలం, గులాబీ, పసుపు చుక్కల ముగ్గు. నలుపు-తెలుపు లేజర్ ప్రింటరుదైతే రంగు చుక్కలు ఉండవు, గీతకి అటూ ఇటూ నల్లపొడి చల్లినట్టు ఉంటుంది.

మూడోది మరకలు. పాత కాగితం మీద గోధుమరంగు మచ్చలు చాలావరకు వెనక్కి కూడా దిగుతాయి, పక్క కాగితానికీ అంటుతాయి. నా పుస్తకంలో ఒక వంతెన ప్లేటు మీద అందమైన మచ్చలు నాలుగున్నాయి. తిప్పి చూస్తే వెనక ఒక్కటీ లేదు. మచ్చలు కూడా ప్రింటే! ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. ఆ ప్లేటుకి ముందున్న కాగితానికీ, వెనకున్న కాగితానికీ కుడి కింది మూలలో బొటనవేలంత చెమ్మ మరక ఉంది. మధ్యలో ఉన్న ప్లేటుకి మాత్రం లేదు. నీళ్లు ఒక కాగితాన్ని దాటేసి తర్వాతి కాగితం మీదికి గెంతాయన్నమాట.

నాలుగోది నీడ. ప్లేటు సిరా ఏళ్ల తరబడి ఎదుటి కాగితానికి ఒరుసుకుని దాని మీద లేత బొమ్మ అద్దంలోలా తిరగబడి దిగుతుంది. అసలు ప్లేట్లు పన్నెండింటికీ ఎదుట ఆ నీడ ఉంది. నకళ్ల ఎదుట కూడా ఉంది! పోయిన అసలు ప్లేటు వదిలివెళ్లిన నీడ అది. స్కేలు పెట్టి కొలిచాను. నీడలో వంతెన 19.2 సెంటీమీటర్లు, నకలులో 18.4. పేజీకి సరిపెట్టుకోమని ప్రింటరుకి చెప్పి బటన్ నొక్కేశారు, అంతే.

నకిలీ నోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చి కూడా వేశాను, గది చీకటి చేసి. నారగుడ్డల గుజ్జుతో చేసిన పాత కాగితం ఆ వెలుగులో మసగ్గా ఉంటుంది. ఇప్పటి కాగితంలో తెలుపు కోసం కలిపే రసాయనం నీలంగా మెరుస్తుంది. అయిదూ ట్యూబులైట్లలా వెలిగాయి. టీ నీళ్లతో పాతరంగు తెప్పించారు గానీ మెరుపుని దాచలేకపోయారు. అయితే ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోకండి. ఆరితేరినవాళ్లు పాత పుస్తకాల్లోంచి ఖాళీ కాగితాలు చించి వాటి మీద అచ్చు వేస్తారు, అప్పుడు టార్చి ఏమీ చెప్పదు. మనవాడు అంత కష్టపడలేదు, మన మీద అంత నమ్మకం.

చివరగా కుట్టు దగ్గర చూడండి. పేజీల మధ్య లోయలో సన్నటి కాగితపు పీలిక, దాని అంచు తిన్నగా, పదునుగా ఉంటే అది బ్లేడు కోత. నా అయిదు నకళ్లూ ఆ పీలికల మీద తెల్ల జిగురుతో అంటించినవే. పాత పిండి జిగురు పెళుసుగా పొడిపొడిగా రాలుతుంది. ఇది గోటితో గీకితే రబ్బరు పొరలా సాగి వచ్చింది. "లేటర్ హాఫ్ కాఫ్" అన్నమాటకి అసలు అర్థం ఇప్పుడు తెలిసింది. మళ్లీ బైండు చేసింది పుస్తకం బాగుకోసం కాదు, ఈ అతుకులు దాచడానికి.

పేజీలు లెక్కపెట్టుకున్నాను కదా అని నాలాగా మురిసిపోకండి. పేజీల లెక్క పాఠానికే పనికొస్తుంది. క్వార్టోలో ఒక్కో మడత నాలుగు ఆకులు, అంటే 8 పేజీలు. 144 పేజీలంటే 18 మడతలు. ఒక్కో మడత మొదటి పేజీ అడుగున ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, అప్పటి అచ్చువాళ్లు జె వాడరు కాబట్టి బితో మొదలైతే టి దగ్గర 18 పూర్తి. ఇవన్నీ సరిపోయాయి. కానీ ప్లేట్లు ఈ మడతల్లో భాగం కావు, విడిగా అచ్చువేసి మధ్యలో దూర్చినవి. ఒకటి కోసేసినా అక్షరాల వరస చెక్కుచెదరదు. ప్లేట్లు దొంగలకి అంత సులువు అందుకే. వంతెనలు, నీటి వంతెనలు ఉన్నవి ముందు పోతాయి, ఫ్రేములో బాగుంటాయని. నా అయిదింటిలో నాలుగు అవే.

ఇప్పుడు ఆయన లిస్టులో ఉన్న మిగతావాటి గురించి గబగబా.

బ్రిటిష్ ఇంజనీరు టెల్ఫర్డ్ జీవితకథ, 1838, "కంప్లీట్" అని ఉంది. ఫొటోలో ఉన్నది పాఠం సంపుటం ఒక్కటే. ఆ పుస్తకానికి పెద్ద సైజు అట్లాస్ వేరుగా ఉంది, 83 ప్లేట్లు. 1805లో తెరిచిన పొంట్‌కసల్తె నీటి వంతెన బొమ్మలూ గట్రా అందులోవే. అది లేకుండా కంప్లీట్ అనడం పెళ్లికొడుకు లేని పెళ్లి.

ఫిలిప్స్ రాసిన జలమార్గాల చరిత్ర "1805" అని ఒకటి పెట్టాడు. 1805 నాటిది అయిదో కూర్పు, మొదటిది 1792. ఆ 1805 కూర్పునే 1970లో ఇంగ్లండులో యథాతథంగా మళ్లీ అచ్చువేశారు. టైటిల్ పేజీ వెనకవైపు ఫొటో అడగండి, ఇవ్వకపోతే సంగతి మీకే అర్థమవుతుంది.

లలాంద్ 1778, ఫ్రాన్సులోని లాంగ్‌దోక్ కాలువ గురించి. 14 ప్లేట్లు ఉండాలి. మడత ప్లేట్లు పూర్తిగా విప్పి ఫొటో తీయమనండి, మడతల వెంట సెల్లో టేపు ఉంటుంది, పందెం.

మనవాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైనది వాల్ష్ గోదావరి డెల్టా, మద్రాసు, 1896. కాటన్ 1847–52లో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింది కాలువల లెక్కాడొక్కా అంతా ఉన్న పుస్తకం, ఎవరికైనా చెయ్యి లాగుతుంది. అది రెండు సంపుటాలు, మొదటిది పాఠం, రెండోది ప్లేట్లు. మొదటిదాన్ని ఒంటరిగా "వాల్ష్ 1896, వెరీ రేర్" అని పెట్టాడు. పైగా లోపల ఏదో ఆఫీసు ముద్ర కనిపిస్తోంది, ఆ ఆఫీసు దాన్ని తొలగించి ఇచ్చేసినట్టు ముద్ర కనిపించడం లేదు. అలాంటిది కొంటే రేపు మనం సమాధానం చెప్పుకోవాలి.

ఇంకో మాట. వర్ణనలో "సోఫిస్టికేటెడ్ కాపీ" అని ఉంటే పొగిడారనుకోకండి. పాత పుస్తకాల వ్యాపారంలో దాని అర్థం అక్కడివీ ఇక్కడివీ అతికి పూర్తిచేసిన కాపీ అని. కనీసం అలా రాసేవాళ్లు నిజాయితీపరులు.

సలహాలంటారా, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడిని, నేనేం చెప్తాను. 1800 లోపు ఇంగ్లీషు అచ్చు పుస్తకమైతే ఈఎస్‌టీసీ అనే పాత ఇంగ్లీషు పుస్తకాల జాబితాలో పేజీలు ఎన్నో చూసుకోండి. నెట్‌లో స్కాన్ చూసి ప్లేట్లు లెక్కపెట్టేటప్పుడు, కొన్ని స్కాన్లలో మడత ప్లేట్లు విప్పకుండానే తీశారని గుర్తుంచుకోండి. ప్రతి ప్లేటూ ముందూ వెనకా ఫొటో, పక్కన స్కేలు పెట్టి. "17 ప్లేట్లూ 1796 నాటి అసలు అచ్చులే, నకళ్లు లేవు, కాకపోతే వాపసు" అని రాతలో తీసుకోండి. యూపీఐ వద్దు, కార్డు వాడండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను. నంబరిచ్చారు, చూద్దాం.

ఈ మధ్య ఎవరైనా ఆయన దగ్గరే ఫుల్టన్ వంతెన ప్లేటు విడిగా కొని ఫ్రేము కట్టించుకున్నారా? ఓసారి గోడ మీంచి దింపి చూడండి. ఎడమ అంచు బ్లేడుతో కోసినట్టు తిన్నగా ఉండి, కుడి కింది మూలలో బొటనవేలంత చెమ్మ మరక ఉంటే నాకు కబురు పెట్టండి. దానికి ముందు మరకా, వెనక మరకా నా దగ్గరున్నాయి.